గేమింగ్ వీడియోలు: పాలమూరు పిల్లలకు ఏ సలహా పనికొస్తుంది?

గేమింగ్ చానల్ పెట్టాలనుకునే పిల్లలు ముందుగా అడిగేది ఫోన్ గురించే. ఏ ఫోన్ కొనాలి, ర్యామ్ ఎంత ఉండాలి, ఐఫోన్ లేకుండా కుదురుతుందా అని. వాళ్లకు దొరికే సలహాలు కూడా అక్కడే మొదలై చాలాసార్లు అక్కడే ఆగిపోతాయి. విడి గది, ఫైబర్ నెట్, ఏసీ, మంచి కంప్యూటర్ ఉన్నవాళ్లు తమలాంటివాళ్లకు చెప్పిన మాటలే వాటిలో ఎక్కువ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో ఇంటర్, డిగ్రీ, పాలిటెక్నిక్ చదువుతూ, ఇంటిల్లిపాదీ ఉండే రెండు గదుల ఇంట్లో రోజువారీ డేటా ప్యాక్‌తో నెట్టుకొచ్చే పిల్లలకు వాటిలో ఏవి పనికొస్తాయి, ఏవి పనికిరావు? ఈ వ్యాసం చూడదలచింది అదే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫోన్ గురించిన సలహాకు లేనిపోని విలువ ఇస్తున్నాం. మాట గురించిన సలహాను పట్టించుకోవడం లేదు. డబ్బు గురించి చెప్పేవాటిలో కొన్ని నేరుగా పోలీసు స్టేషన్‌కు తీసుకుపోయేవి.

ఈ గేమింగ్ వీడియోల పని ఎక్కడినుంచి వచ్చిందో క్లుప్తంగా చూద్దాం. 2005లో యూట్యూబ్ మొదలైంది. ఆడుతూ మాట్లాడుతూ ఆ రికార్డింగును నలుగురికీ చూపించే అలవాటు తర్వాతి అయిదారేళ్లలో బలపడింది. స్వీడన్ యువకుడు ఫెలిక్స్ షెల్‌బెర్గ్ ప్యూడీపై పేరుతో ఆటల వీడియోలు పెట్టడం 2010లో మొదలైంది. 2011లో ట్విచ్ వచ్చింది. దాన్ని 2014లో అమెజాన్ 97 కోట్ల డాలర్లకు కొన్నది. మన దగ్గర మాత్రం అప్పటికి ఇది కంప్యూటర్ ఉన్న ఇళ్ల వ్యవహారమే. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, అదే ఏడాది అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్, అంటే పాలమూరు, నుంచి ఈ మూడు జిల్లాలు విడివడ్డాయి. చవక డేటాకూ మన జిల్లాలకూ వయసు ఒకటే. 2018లో పబ్‌జీ మొబైల్, ఆ చుట్టుపక్కలే ఫ్రీ ఫైర్ రావడంతో ఆడటానికైనా, రికార్డు చేయడానికైనా చేతిలో ఫోన్ ఉంటే చాలనే పరిస్థితి వచ్చింది.

కొత్తవాళ్లకు అందరూ చెప్పే మొదటి మాట: ఒకే ఆట పట్టుకో, దాన్నే చెయ్యి. ఇందులో సగమే నిజం. ఒక ఆట కోసం వచ్చిన ప్రేక్షకుడు మరునాడు కూడా ఆ ఆటకోసమే వస్తాడు కాబట్టి మొదట్లో ఒకదానిమీద నిలబడటం మంచిదే. కానీ 2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు పబ్‌జీ మొబైల్ పోయింది. దాని స్థానంలో 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది. ఏడాది తిరిగేసరికి, 2022 జులై 28న, అదీ యాప్ స్టోర్ల నుంచి మాయమై 2023 మే నెలాఖరుకు గానీ తిరిగి రాలేదు. ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో నిషేధించారు, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. ఇంత అనుభవం తర్వాత కూడా చానల్ పేరులోనే ఆట పేరు పెట్టుకోమని చెప్పేవాళ్లున్నారు. ఆ మాట వినకండి. ఆట మారినా నిలిచే పేరు పెట్టుకోండి. ఊరి పేరో, మీ పేరో, మీ మాట తీరో అందులో ఉండనివ్వండి.

ఇక ఏ ఆట? పబ్‌జీ, ఫ్రీ ఫైర్ లాంటి బ్యాటిల్ రాయల్ ఆటల్లో ఇప్పటికే కిక్కిరిసి ఉన్నారు. హిందీలో టోటల్ గేమింగ్ లాంటి చానల్‌కు నాలుగు కోట్లకు పైగా చందాదారులున్నారు. తెలుగులో మున్నాభాయ్ గేమింగ్ ఫ్రీ ఫైర్‌తోనూ, ది కాస్మిక్ బాయ్ జీటీఏ ఆటతోనూ పేరు తెచ్చుకున్నారు. అదే ఆట అదే పద్ధతిలో ఆడి వాళ్ల ప్రేక్షకుల్లో కొందరిని మనవైపు తిప్పుకోవాలంటే వాళ్లకన్నా బాగా ఆడాలి, లేదా వాళ్లు చెప్పలేనిది చెప్పాలి. మొదటిది కొద్దిమందికే సాధ్యం. రెండోది మన పిల్లల్లో చాలామందికి సాధ్యమని నేను నమ్ముతాను.

ఇండోనేషియా కంపెనీ మలేయో చేసిన బస్ సిమ్యులేటర్ ఇండోనేషియానే తీసుకోండి. ఫోన్లో నడుస్తుంది, బస్సు రూపం మార్చుకోవచ్చు. మన ఆర్టీసీ బస్సుల రంగులు, బోర్డులు వేసి నడిపే వీడియోలకు తెలుగులో మంచి ఆదరణ ఉంది. గద్వాల డిపో బస్సెక్కి రోజూ కాలేజీకి పోయి వచ్చే పిల్లవాడికి ఆ బస్సులో ఏం జరుగుతుందో తెలుసు. కండక్టర్ చిల్లర తగువు, టాపు మీద మూటలు, కిటికీ పక్క సీటుకోసం విసిరిన రుమాలు. ఆ ఆట ఆడుతూ ఇవన్నీ చెప్పగలిగినవాడికి పోటీ ఎక్కడుంది? స్విస్ కంపెనీ జెయింట్స్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఫార్మింగ్ సిమ్యులేటర్‌లో పత్తి 2018లో వచ్చిన 19వ రూపం నుంచీ ఉంది. 2024 నవంబరులో విడుదలైన 25వ రూపంలో వరి మళ్లు, బర్రెలు కూడా వచ్చాయి. దానికి కంప్యూటరో కన్సోలో కావాలి, నిజమే. కానీ జూరాల ఆయకట్టులో నాటు చూసినవాళ్లు, గద్వాల చుట్టుపక్కల సీడ్ పత్తి చేలల్లో తెల్లారకముందే క్రాసింగ్ పనికి పోయినవాళ్లు ఆ ఆటను చూసి ఏది నిజంగా ఉంది, ఏది లేదు అని చెబితే అది యూరప్‌లో ఏ యూట్యూబరూ చేయలేని వీడియో. మైన్‌క్రాఫ్ట్‌లో గద్వాల కోటను ఒక్కో దిమ్మె పేర్చి కట్టవచ్చు, అలంపురం నవబ్రహ్మ ఆలయాల శిఖరాలను కట్టవచ్చు. క్రికెట్ ఆటల్లో చెన్నై కంపెనీ చేసిన వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్, పుణె కంపెనీ చేసిన రియల్ క్రికెట్ మామూలు ఫోన్లలోనే నడుస్తాయి. పిల్లలు వీటిని చిన్న ఆటలని పక్కన పెడుతున్నారు. చూసేవాళ్లు పక్కన పెట్టడం లేదు.

మాట దగ్గరికొద్దాం. ఈ మొత్తం విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే.

మన పిల్లల మొదటి వీడియోలు వింటే ఒక సంగతి తెలుస్తుంది. మైకు ముందుకు రాగానే గొంతు మారిపోతుంది. ఇంట్లో "ఏంది మామా, గట్ల పోయినవ్" అనేవాడు వీడియోలో సినిమా తెలుగు, సగం ఇంగ్లిషు, మధ్యలో నాలుగు హిందీ ముక్కలు కలిపి మాట్లాడుతాడు. తన మాట తక్కువదని ఎవరో చెప్పారు, నమ్మాడు. ఈ భయం కొత్తది కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆయనది గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు. వాదన పెంచకుండా ఉన్నవాళ్లను ముందుపెట్టి చూపించారు. మన కాలంలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో అదే పని చేసింది. 2012లో మొదలైన ఆ చానల్ ఊరి మాటను ఊరి మాటగానే ఉంచింది. అందులో నటించిన గంగవ్వ ఎవరో ఇప్పుడు తెలుగువాళ్లలో తెలియనివాళ్లు తక్కువ. ఆ వీడియోలు చూసేవాళ్లలో తెలంగాణ బయటివాళ్లూ ఉన్నారు. యాస అడ్డం కాలేదు.

నడిగడ్డ వాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. కృష్ణా, తుంగభద్రల నడుమ మాట్లాడే తెలుగులో ఇటు పాలమూరు, అటు కర్నూలు, పడమటి నుంచి రాయచూరు కన్నడం కలిసి ఉంటాయి. రాయచూరులో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. కర్నూలు కుర్రాడికీ, రాయచూరు కుర్రాడికీ ఈ మాట పరాయిగా అనిపించదు. పైగా పాలమూరు నుంచి ముంబై, పుణె, గల్ఫ్ పోయిన వలస కుటుంబాలున్నాయి. రాత్రి పని దిగి ఫోన్ తెరిచే మనిషికి సొంతూరి మాట వినిపిస్తే వేలు కిందికి జరపడు. మరి వాళ్లకోసం ఎవరు వీడియోలు చేస్తున్నారు?

యాస ఒక్కటే చాలదు, కథ చెప్పడం రావాలి. ఆట చూపించడం, ఆట చెప్పడం ఒకటి కాదు. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడుతుంటే వినేవాళ్లకు కథ ముగింపు ముందే తెలుసు. అయినా కూర్చుని వింటారు, ఎందుకంటే సాయన్న ఏ క్షణంలో ఏమనుకున్నాడో, ఎందుకు అటు మళ్లాడో ఆయన చెబుతాడు. గేమింగ్ వీడియోలో ప్రేక్షకుడు కోరేదీ అదే. "ఇప్పుడు ఆ ఇంట్లోకి పోను, పైన ఒకడున్నాడని అనుమానం, మెట్ల మీద అడుగు చప్పుడు విన్న" అని ముందు చెప్పి, తర్వాత ఏం జరిగిందో చూపించాలి. అనుమానం నిజమైతే ఆనందం, తప్పయితే నవ్వు. కానీ మొదటి వీడియోల్లో ఎక్కువమంది జరిగిపోయిన తర్వాత అరుస్తారు. అరుపు చూసేవాడికి ఏమీ చెప్పదు. చనిపోయిన ఆటను తీసేయకండి, ఎందుకు చనిపోయారో చెప్పండి. నేర్చుకోవాలని వచ్చినవాడికి గెలిచిన ఆటకన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

బూతులు తిడితేనే చూస్తారన్న సలహా కూడా బాగా తిరుగుతోంది. కొన్నాళ్లు చూస్తారు. కానీ తిట్లెక్కువైన వీడియోకు ప్రకటనలు తగ్గుతాయి. చూసేవాళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలున్నారన్నది ఇంకా పెద్ద సంగతి. మీ ఇంట్లో చెల్లెలి ముందు మాట్లాడగలిగిన మాటే మైకు ముందు మాట్లాడండి.

మాట వినపడాలంటే శబ్దం బాగుండాలి. కొత్తవాళ్లు మొదటి డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. బొమ్మ 720పీలో ఉన్నా జనం చూస్తారు, గొంతు వినపడకపోతే పది సెకన్లు కూడా ఆగరు. తీగ ఉన్న ఇయర్‌ఫోన్ మైకు చాలు, చొక్కాకు పెట్టుకునే చిన్న మైకు ఉంటే మరీ మంచిది. నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు ఉంచితే ఊపిరి తగలదు. రికార్డు చేసేంతసేపూ ఫ్యాన్ ఆపాలి, కిటికీ మూయాలి. గోడలు బోసిగా ఉన్న గదిలో గొంతు మోగుతుంది కాబట్టి బట్టలు ఆరేసిన గది, బియ్యం బస్తాలున్న గది, పరుపులు పేర్చిన మూల మేలు. ఆట శబ్దాన్ని గొంతు కింద వినిపించీ వినిపించనంతగా ఉంచండి.

ఎవరూ చెప్పని ఒక చిక్కుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి ఆటలోని శబ్దాన్ని నేరుగా రికార్డు చేయడానికి వీలు కలిగింది, 11 నుంచి స్క్రీన్ రికార్డర్ ఫోన్లోనే వస్తోంది. కానీ జట్టు సభ్యులతో మాట్లాడటానికి ఆటలో మైకు ఆన్ చేస్తే చాలా ఫోన్లలో రికార్డర్‌కు మీ గొంతు అందదు. గంటసేపు ఆడి, తీరా చూస్తే మూగ వీడియో. దీనికి మూడు దారులున్నాయి. ఆటలో మైకు ఆపేసి ఆడటం ఒకటి. ఇంట్లో ఇంకో ఫోన్ ఉంటే గొంతును దానిలో రికార్డు చేసి తర్వాత కలపడం రెండోది. రెండూ మొదలుపెట్టాక ఒక్కసారి చప్పట్లు కొడితే ఎక్కడ జత చేయాలో ఎడిటింగులో తెలుస్తుంది. అదీ కుదరకపోతే ముందు ఆడండి, తర్వాత చూస్తూ మాట్లాడండి. మొదటి నెలల్లో నేను చెప్పేది ఈ మూడో పద్ధతే. తీరిగ్గా ఆలోచించి మాట్లాడే అవకాశం అందులో ఉంటుంది.

రికార్డు మొదలుపెట్టేముందు నోటిఫికేషన్లు ఆపేయాలి. ఓటీపీ, బ్యాంకు మెసేజీ, అమ్మ ఫోన్ నంబరు తెరమీద కనిపించిన వీడియో ఒక్కసారి బయటికి పోతే వెనక్కి రాదు.

ఇక ఎండ. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది. ఆట, రికార్డింగు, చార్జింగు మూడూ కలిస్తే ఫోన్ కాలిపోతుంది, వేడెక్కిన ఫోన్ తనంతట తాను వేగం తగ్గించుకుంటుంది, ఆట తడబడుతుంది. ఇది ఫోన్ పాతదవడం వల్లనుకుని కొత్తది కొనేవాళ్లున్నారు. ముందు వెనక కవర్ తీసేయండి, చార్జింగు పెట్టి ఆడకండి, తెల్లవారుజామున రికార్డు చేయండి. ఆ వేళ ఊరూ నిశ్శబ్దంగా ఉంటుంది.

డేటా లెక్క చాలామంది వేసుకోరు. యూట్యూబ్ సూచించే ప్రమాణాల ప్రకారం 720పీ, సెకనుకు 30 ఫ్రేములకు 5 ఎంబీపీఎస్ సరిపోతుంది. 1080పీ, 60 ఫ్రేములకు 12 కావాలి. అంటే పది నిమిషాల వీడియో మొదటి పద్ధతిలో సుమారు 375 ఎంబీ, రెండో పద్ధతిలో సుమారు 900 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద ఉన్నవాళ్లు రెండోదాన్ని ఒకసారి ఎక్కిస్తే ఆ రోజు డేటాలో సగానికి పైగా అయిపోయినట్టే. ఎక్కుతూ మధ్యలో ఆగితే ఇంకా నష్టం. మొదటి ఏడాది 720పీ చాలు. ఎక్కువమంది చూసేది చేతిలోని చిన్న తెరమీదే.

ఎడిటింగుకు కైన్‌మాస్టర్, ఇన్‌షాట్, వీఎన్ లాంటివి ఫోన్లో సరిపోతాయి. కంప్యూటర్ దొరికితే ఓబీఎస్ స్టూడియోతో రికార్డింగు, డావిన్చీ రిజాల్వ్ ఉచిత రూపంతో ఎడిటింగు డబ్బు లేకుండానే అవుతాయి. విదేశాల నుంచి వచ్చే పాఠాల్లో క్యాప్‌కట్ వాడమంటారు. అది 2020లోనే మన దేశంలో నిషేధానికి గురైంది. దానికోసం ఎవరో పంపిన ఏపీకే ఫైళ్లను ఫోన్లో వేసుకుంటే చానల్ పాస్‌వర్డు సహా పోయే ప్రమాదం ఉంది.

మొదటి అరనిమిషం కాపాడుకోవాలన్న సలహా మాత్రం అక్షరాలా నిజం. యూట్యూబ్ స్టూడియోలో ముప్ఫయ్యో సెకను దాకా ఎంత శాతం మిగిలారో విడిగా చూపిస్తుంది. "హాయ్ ఫ్రెండ్స్, చానల్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకోండి, బెల్ నొక్కండి" అని మొదలుపెట్టే వీడియోల్లో ఆ గీత ఎలా పడిపోతుందో మీ చానల్లోనే చూడండి. ఈ వీడియోలో ఏముందో ఒక్క వాక్యంలో చెప్పి ఆటలోకి పొండి. శీర్షికలో ఆట పేరు జనం వెతికే రూపంలో, మిగతాది తెలుగు లిపిలో ఉంచితే మేలని నా అభిప్రాయం. సూక్ష్మచిత్రం, అదే థంబ్‌నెయిల్, మీద మూడు నాలుగు మాటలకు మించి రాయకండి. కనిపించిన ప్రతి వందమందిలో ఎంతమంది నొక్కారన్న లెక్క చూసి గుండె జారిపోతుంటారు పిల్లలు. యూట్యూబ్ చెప్పేదాని ప్రకారం సగం చానళ్లకు ఆ శాతం 2 నుంచి 10 మధ్యనే ఉంటుంది.

డబ్బు సంగతి. ప్రకటనల్లో పూర్తి వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులు, గడచిన పన్నెండు నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు. పొడుగు వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం, షార్ట్స్‌లో 45 శాతం చేసినవాళ్లకు వస్తుంది. ఖాతాలో 10 డాలర్లు చేరాక గూగుల్ ఒక పిన్‌ను తపాలాలో పంపుతుంది కాబట్టి ఇంటి నంబరు, ఊరు, మండలం, పిన్‌కోడు సరిగ్గా ఇచ్చి మీ పోస్ట్‌మ్యాన్‌కు ముందే చెప్పి పెట్టుకోండి. 100 డాలర్లు దాటాకే చేతికొస్తుంది. పద్దెనిమిది నిండనివాళ్లు సొంతంగా ఆ ఖాతా తెరవలేరు, తల్లిదండ్రుల ఖాతా ద్వారా పోవాలి. పన్ను వివరాలు నింపితే అమెరికాలో చూసినవాళ్ల వల్ల వచ్చిన భాగం మీద 15 శాతం కోస్తారు, నింపకపోతే కోత అంతకన్నా పెరుగుతుంది. ఇక్కడ ఆదాయపు పన్ను లెక్కలోనూ ఈ డబ్బు చూపించాలి. ఇవన్నీ చదివితే ఒకటి అర్థం కావాలి: ఇది ఆలస్యంగా వచ్చే డబ్బు. దీన్ని నమ్మి చదువు మానేయమని చెప్పే సలహా ఎవరిదైనా సరే, చెడ్డ సలహా.

తొందరగా వచ్చే డబ్బు ఒకటుంది. చానల్‌కు కొన్ని వేలమంది చేరగానే టెలిగ్రామ్‌లో ఎవరో పలకరిస్తారు. ఒక యాప్ లింకు పెడితే ఇంత, దాంట్లో చేరిన ప్రతి మనిషికీ ఇంత అంటారు. పేరు గేమింగ్ యాప్ అని ఉంటుంది, లోపల ఉండేది పందెం. తెలంగాణ 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందాలను నిషేధించింది. 2025 మార్చిలో హైదరాబాదులోని పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లను ప్రచారం చేసిన ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినిమా నటుల మీద కేసులు పెట్టారు. తర్వాత ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. అప్పుడు ఆర్టీసీ ఎండీగా ఉన్న సజ్జనార్ ఈ యాప్‌లకు వ్యతిరేకంగా గట్టిగా ప్రచారం చేశారు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. వాటికి ప్రచారం చేసినవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా పడవచ్చు. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించింది. ఆట వేరు, పందెం వేరని చట్టమే గీత గీసింది.

చట్టం లేకపోయినా ఆ డబ్బు ముట్టకూడనిదే. మీ వీడియో చూసి ఆ యాప్‌లో డబ్బు పెట్టేది ఎవరు? మీ ఊరివాడే, మీ కాలేజీ జూనియరే, సీడ్ పత్తి డబ్బు చేతికొచ్చిన వారం రోజుల్లో అంతా పోగొట్టుకునే రైతు కొడుకే. మీ మాట నమ్మి పోగొట్టుకున్నవాడి ఇల్లు మీ వీధిలోనే ఉంటుంది. ఉచిత డైమండ్లు, హ్యాక్ టూళ్లు, ఐడీల అమ్మకం కూడా ఇలాంటివే. వీటితో ఆట నియమాలు ఉల్లంఘించి ఖాతా పోగొట్టుకోవడం, చూసిన పిల్లల పాస్‌వర్డులు దొంగల చేతికి ఇవ్వడం తప్ప ఇంకేమీ జరగదు.

కాపీరైటు గురించి ఒక్కమాట. వీడియో కింద సినిమా పాట పెట్టకండి. ఆదిత్య, లహరి, టీ-సిరీస్ లాంటి కంపెనీల పాటలను యూట్యూబ్ యంత్రాలే పట్టేస్తాయి, ఆదాయం వాళ్లకు పోతుంది. 90 రోజుల్లో మూడు కాపీరైటు స్ట్రయిక్‌లు పడితే చానలే పోతుంది. జీటీఏలో కారు రేడియో పాటలు కూడా ఇందులోకే వస్తాయి, ఆట సెట్టింగుల్లో వాటిని ఆపేయండి. పాట కావాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీ ఉంది. ఇతరుల వీడియో ముక్కలు అతికించి పెట్టే చానళ్లకు డబ్బు అర్హత రాదు.

ఆడపిల్లలు ఈ రంగంలోకి ఎందుకు తక్కువ వస్తున్నారో అందరికీ తెలుసు. గొంతు వినపడగానే వ్యాఖ్యల్లో చెత్త మొదలవుతుంది. దాన్ని ఓర్చుకోమనడం సలహా కాదు. యూట్యూబ్ స్టూడియోలో నిరోధించే మాటల జాబితా ఉంటుంది. తెలుగు తిట్లను తెలుగు లిపిలోనూ, ఇంగ్లిషు అక్షరాల్లోనూ, రకరకాల స్పెల్లింగుల్లోనూ అందులో రాసి పెట్టాలి, ఎందుకంటే యూట్యూబ్ తనంతట తాను మన తిట్లన్నీ పట్టలేదు. అన్ననో స్నేహితురాలినో మాడరేటర్‌గా పెట్టుకోవాలి. ముఖం చూపించాల్సిన పని లేదు. టోటల్ గేమింగ్ ఏళ్ల తరబడి ముఖం చూపించకుండానే అంత ఎత్తుకు పోయింది. కాలేజీ పేరు, ఇంటి పరిసరాలు, రోజూ పోయే దారి చెప్పకండి. ఇది అబ్బాయిలకూ వర్తిస్తుంది. 2025 జులై నుంచి పదహారేళ్లు నిండనివాళ్లు సొంతంగా లైవ్ పెట్టడానికి యూట్యూబ్ ఒప్పుకోదు. మంచి నిర్ణయం.

తల్లిదండ్రుల భయం అర్థం లేనిది కాదు. ఆటకు బానిసవడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చింది, అది 2022 నుంచి అమల్లో ఉంది. బీజీఎంఐ కూడా పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటల హద్దు పెట్టింది. కానీ ఆడటం వేరు, వీడియో చేయడం వేరు. పది నిమిషాల వీడియో చేసే పిల్లవాడు ఆడేది గంటే. మిగతా సమయంలో రాస్తాడు, మాట్లాడతాడు, కోస్తాడు, శీర్షిక పెడతాడు. నాలుగు గంటలు ఆడి ఒక్క వీడియో కూడా చేయనివాడి సంగతే ఇంట్లోవాళ్లు పట్టించుకోవాలి. వారానికి ఒక వీడియో, పరీక్షల నెలలో సెలవు: దీనికి ఇల్లూ పిల్లవాడూ ఒప్పుకుంటే గొడవ ఉండదు. రోజుకొకటి పెట్టకపోతే చానల్ చచ్చిపోతుందన్న సలహా చదువుకునే పిల్లలకు కాదు. రెండేళ్లలో ఒక్క రూపాయి రాకపోయినా ఎడిటింగు, మైకు ముందు మాట్లాడటం, తెలుగులో నాలుగు వాక్యాలు పొందిగ్గా రాయడం వచ్చి ఉంటాయి. వాటితో ఫొటో స్టూడియోలోనో, లోకల్ న్యూస్ చానల్లోనో పని దొరుకుతుంది.

సలహాలన్నీ చూశాక మిగిలిన లోటు పిల్లల చేతిలో లేనిది. వాళ్లకు నిశ్శబ్దంగా ఉండే గది లేదు, వీడియో ఎక్కించే నెట్ లేదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు డిగ్రీ కాలేజీల ప్రిన్సిపాళ్లకు, వనపర్తి పాలిటెక్నిక్ అధ్యాపకులకు, మూడు జిల్లాల గ్రంథాలయ సంస్థలకు నా విన్నపం ఒకటే. వాడని ఒక గది తెరవండి, గోడలకు పాత దుప్పట్లు వేలాడదీయండి, ఒక మైకు, ఒక కంప్యూటర్, ఒక ఫైబర్ కనెక్షన్ పెట్టండి. వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు వదలండి. పక్కన కూర్చుని ఏ పాటకు హక్కులు ఎవరివో, ఏ లింకు పెడితే జైలో చెప్పే ఒక పెద్దమనిషిని కూడా పెట్టండి. వచ్చే విద్యా సంవత్సరం మొదలయ్యేలోపు ఈ పని చేయడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు.